ప్రథమ పురుష

మా తమ్ముడు కొన్న కారు ఇంజను 998 సీసీ. ఇన్సూరెన్సు లెక్కలో ఈ అంకెకి చాలా విలువుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం, వెయ్యి సీసీ దాటని సొంత కారుకి ఏడాదికి థర్డ్ పార్టీ ప్రీమియం 2,094 రూపాయలు. వెయ్యి దాటి పదిహేను వందల లోపైతే 3,416. ఆ పైన 7,897. పన్ను వేరే. ఇంజను ఇంకో మూడు సీసీలు పెద్దదై ఉంటే వాడు పదమూడు వందలు ఎక్కువ కట్టేవాడు.

తమ్ముడంటే బాబాయి కొడుకు. ఇరవై నాలుగేళ్లు. విశాఖపట్నంలో ఉద్యోగం. శుక్రవారం రాత్రి బయల్దేరి శ్రీకాకుళం, టెక్కలి, పలాస దాటి ఉద్దానంలో మా ఊరికి వస్తాడు. కొన్నది సెకండ్ హ్యాండ్ ఐ20 ఎన్ లైన్. టర్బో ఇంజను, 120 గుర్రాల శక్తి, లోపల ఎర్ర దారంతో కుట్టిన సీట్లు, వెనక రెండు గొట్టాల సైలెన్సరు. పోర్షే నడిపేవాళ్లు దీన్ని స్పోర్ట్స్ కారంటే నవ్వుతారు. నవ్వనీండి. కాశీబుగ్గలో టీ కొట్టు ముందు ఆపితే నలుగురు కుర్రాళ్లు చుట్టూ తిరిగి చూసే కారు మాకు స్పోర్ట్స్ కారే.

నాకు ఆశ్చర్యం కలిగించింది ఇదీ: ఇదే 2,094 రూపాయలు 796 సీసీ పాత ఆల్టోలో సంతకెళ్లొచ్చే రిటైర్డ్ మాస్టారు కూడా కడతారు. డీజిల్ ఇన్నోవాలో అరవై దాటకుండా వెళ్లే పెద్దాయన 7,897 కడతాడు. చట్టం ఇంజను ఎంత పెద్దదని అడుగుతుంది తప్ప, అది ఎంత తొందరలో ఉందని అడగదు. నడిపేవాడి వయసు అసలే అడగదు.

అమెరికా వెళ్లిన మన పిల్లలకి ఇది వింతగా ఉంటుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో పాతికేళ్ల లోపు కుర్రాడు, అందులోనూ స్పోర్ట్స్ కారు అంటే ప్రీమియం కారు వాయిదాతో పోటీపడుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన నా స్నేహితుడొకడు మనసు పడ్డ కారు వదిలేసి, ఇన్సూరెన్సు కోట్ చూసి సెడాన్ కొనుక్కున్నాడు. వాడి వయసుని, వాడి కుడికాలుని కంపెనీ ముందే అంచనా కట్టేసింది. ఇక్కడ థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ఒక్కో వర్గంలో అందరికీ ఒకటే. అంటే మా తమ్ముడి తొందరకి ఆల్టో మాస్టారు కూడా చందా వేస్తున్నారన్నమాట. ఇది అన్యాయం అని నేను అనడం లేదు. ఊరందరూ కలిసి మోసే బరువు అలాగే ఉంటుంది. కాకపోతే ఆ చందా పుచ్చుకున్నవాడికి ఆ సంగతి తెలిసి ఉండాలి.

వాడు నన్ను పిలిచింది మాత్రం ఇందుకు కాదు. కారు మొదట కొన్నది 2022 అక్టోబరులో. కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ పాలసీ ఒకేసారి తీసుకోవాలని 2018 సెప్టెంబరు నుంచి నిబంధన. ఆ మూడేళ్లు మొన్న అక్టోబరుతో పూర్తయ్యాయి. పాత యజమాని క్లెయిమ్ చెయ్యకుండా కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్ కారుతో పాటు రాదు, మనిషితో వెళ్లిపోతుంది. కాబట్టి మావాడు సున్నా నుంచి మొదలు. ఫోన్లో మూడు కోట్లు తెరిచి పెట్టుకున్నాడు: ఒట్టి థర్డ్ పార్టీ, కాంప్రిహెన్సివ్, దాని మీద జీరో డిప్రిసియేషన్, ఇంజన్ ప్రొటెక్షన్ లాంటి తోకలు.

"ఏది తీసుకోమంటావన్నయ్యా? మొదటిది తీసుకుంటే మిగిలిన డబ్బుల్తో సైలెన్సర్ మార్పించీవచ్చు."

ఇంట్లో కాగితాలు పూర్తిగా చదివే మనిషి నేనొక్కణ్ణే అని వాళ్ల నమ్మకం. పుస్తకాల గురించి రాస్తాను కాబట్టి ఏదైనా చదువుతాననుకుంటారు. నిజానికి పాలసీ కాగితం చదవదగ్గ రచనే. ఏం చెప్పిందన్నది ఒక ఎత్తు, ఏం మినహాయించిందన్నది ఒక ఎత్తు.

ముందు కారు సంగతి. మావైపు అక్టోబరు 11, 12 తేదీలంటే ఎవరికైనా కడుపులో తిప్పుతుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఒక్క పూటలో నేలమట్టమయ్యాయి. మా ఇంటి వాకిట్లో కారు పెట్టడానికి ఉన్న చోటు కొబ్బరి చెట్ల మధ్యనే. ఒట్టి థర్డ్ పార్టీ పాలసీకి తుపాను తెలీదు. చెట్టు కారు మీద పడినా, నీళ్లొచ్చినా పైసా రాదు. కాంప్రిహెన్సివ్‌లో తుపాను, వరద, అగ్నిప్రమాదం, దొంగతనం అన్నీ ఉంటాయి. అయితే వరద నీళ్లలో స్టార్ట్ చేస్తే ఇంజనులోకి నీళ్లెక్కి పట్టేసిందనుకోండి, అది మీరు చేసుకున్నది అంటుంది కంపెనీ. దానికే ఇంజన్ ప్రొటెక్షన్. బంపరు పగిలితే ప్లాస్టిక్ కాబట్టి సగం ధరే ఇస్తారు. ఆ సగం కోతని తీసేసేది జీరో డిప్రిసియేషన్. ఉప్పుగాలికి తలుపు కింద పట్టే తుప్పుకి మాత్రం ఏ పాలసీ పనికిరాదు. అది అరుగుదల కింద లెక్క.

ఇక కారు విలువ. దీన్ని ఐడీవీ అంటారు. కారు పోతే వచ్చే గరిష్ఠ మొత్తం ఇదే. మూడేళ్లు దాటిన కారుకి ధరలో 40 శాతం కోసేస్తారు. నాలుగు దాటితే 50. మావాడు ఆ గీతని వేలితో ఎడమవైపుకి లాగి, ప్రీమియం తగ్గుతోందని సంబరపడుతున్నాడు. మా బాబాయి పక్కనుంచి చూసి అదేంటని అడిగాడు. చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "మా మొక్కలు దీనికి ఎదురురా" అన్నాడు. నిజమే. కారు అయిదేళ్లకి సగం అవుతుంది. తిత్లీ తర్వాత ఆయన మళ్లీ నాటిన కొబ్బరి మొక్కలు ఆరేడేళ్లకి గాని కాపుకి రాలేదు. ఒకదాని విలువ ఏటేటా తగ్గించుకుంటూ పోయే లెక్క ఉంది. ఇంకోదాని విలువ ఏటేటా పెరుగుతూ, ఒక తెల్లవారుజామున సున్నా అయిపోతుంది.

కారు గురించి ఇంతవరకూ వాడు శ్రద్ధగా విన్నాడు. పాలసీ కారుని ఎక్కడెక్కడ వదిలేస్తుందో కూడా చూశాం. రేసింగు, స్పీడ్ టెస్టింగు అన్న మాటలు మినహాయింపుల్లో ఉన్నాయి. ఇంజను మ్యాపింగు మార్పించి, ఆ సంగతి కంపెనీకి చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. అప్పుడు వాడి మొహం కొంచెం మారింది. ఆ ఆలోచనా ఉన్నట్టుంది.

వంటింట్లోంచి అప్పుడు పిన్ని అంది: "కారుకి సరేరా. ఎవులికైనా తగిలితే ఏటవుద్ది? అది సూడు ముందు."

పిన్ని అలా అనడానికి కారణం ఉంది. 2019లో మా వీధి చివరింటాయన సైకిలు మీద హైవే దాటుతుంటే ఏదో బండి గుద్ది వెళ్లిపోయింది. ఏ బండో ఎవరికీ తెలీదు. బండి దొరక్కపోతే చట్టం ఇచ్చే పరిహారం అప్పటికి 25 వేలు. 2022 ఏప్రిల్ నుంచి దాన్ని 2 లక్షలు చేశారు. అది ఆయనకి వర్తించదు. ఆయన భార్య ఇప్పటికీ జీడిపప్పు బట్టీకి వెళ్తుంది. పొద్దున్నే పలాస వైపు ఆటోల్లో కిక్కిరిసి వెళ్లే ఆడవాళ్లలో ఆవిడొకతె. ఆ రోడ్ల మీదే డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు ఉంటారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాక ఆ ఆటోలు కొన్ని అటు తిరిగాయి. టెక్కలి దగ్గర గ్రానైటు రాళ్ల లారీలు, నౌపడ వైపు ఉప్పు లారీలు, వాటి మధ్య సైకిళ్లు, మేకలు, బడిపిల్లలు. సున్నా నుంచి వందకి పది సెకన్లలో చేరే కారు ఈ రోడ్డు మీదికే వస్తోంది.

పాలసీ భాషలో వీళ్లందరి పేరూ థర్డ్ పార్టీ. కంపెనీ ఒకరు, కారు యజమాని ఒకరు, మూడోవాళ్లు వీళ్లు. ఇక్కడ నాకు బడిలో నేర్చుకున్న వ్యాకరణం గుర్తొచ్చింది. ఇంగ్లీషువాడు థర్డ్ పర్సన్ అనే మనిషిని మన వ్యాకరణం ప్రథమ పురుష అంటుంది. నేను ఉత్తమ పురుష, నువ్వు మధ్యమ పురుష. వాడు, ఆవిడ, వాళ్లు ప్రథమ పురుష. మాటల్లో లేని మనిషికి, ఆ సంగతి వినడానికి అక్కడ ఉండని మనిషికి, వరసలో మొదటి చోటు. విచిత్రంగా మోటారు వాహనాల చట్టం కూడా ఇదే వరస పాటిస్తుంది. 1988 చట్టం ప్రకారం నీ కారుకి ఇన్సూరెన్సు లేకపోయినా నీ ఇష్టం. ఆ మూడో మనిషికి లేకుండా మాత్రం బండి రోడ్డెక్కించడానికి వీల్లేదు. ప్రాణానికీ గాయానికీ ఆ కవరుకి గరిష్ఠ పరిమితి కూడా లేదు.

ఎంత అవుతుందో తమ్ముడికి లెక్క వేసి చూపించాను. అంకెలు నేను అనుకున్నవి, పద్ధతి మాత్రం సుప్రీంకోర్టు 2009, 2017 తీర్పుల్లో స్థిరపరిచిందే. నలభై రెండేళ్ల మనిషి, నెలకి పది వేల కూలి. ఏడాదికి లక్షా ఇరవై వేలు. ముందు ముందు పెరిగే రాబడి కింద పాతిక శాతం కలిపితే లక్షన్నర. తన సొంత ఖర్చుల కింద మూడో వంతు తీసేస్తే లక్ష. ఆ వయసుకి గుణకం 14. పద్నాలుగు లక్షలు. అంత్యక్రియలు, ఇంటి మనిషిని పోగొట్టుకున్నందుకు ఇచ్చేవి ఇంకొంచెం. పాలసీ లేకపోతే ఇది యజమాని ఇవ్వాలి.

"నా కారుకంటే ఎక్కువ," అన్నాడు వాడు.

నిజానికి నాకు అంకె పెద్దదిగా అనిపించలేదు. ఒక మనిషికి ఐడీవీ కట్టినట్టుంది. కాకపోతే ఆ లెక్కలో, కోసుకుపోయినా, ఆవిడ ఇంకా పనిచెయ్యాల్సిన ఏళ్లు ఉన్నాయి, ఆవిడ మీద ఆధారపడ్డవాళ్లు ఎంతమంది అన్న ప్రశ్న ఉంది. మా వీధి చివరింట్లో ఎవరూ ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు.

ఇంకో మెలిక ఉంది, చాలామందికి తెలీనిది. ఒట్టి థర్డ్ పార్టీ పాలసీలో, సొంత కారులో ఊరికే ఎక్కి కూర్చున్నవాళ్లు ఆ మూడో మనిషి కిందికి రారు. కాంప్రిహెన్సివ్ పాలసీలో వస్తారు. ఈ తేడాను సుప్రీంకోర్టు కూడా గుర్తించింది. అంటే సైలెన్సరు కోసం వాడు మిగులుద్దామనుకున్న డబ్బు తుపానుకి, కొబ్బరి చెట్టుకి సంబంధించింది మాత్రమే కాదు. ఆదివారం బారువ తీరానికి వెనక సీట్లో కూర్చుని వెళ్లే పిన్నికి సంబంధించింది.

ఇది చెప్పాక వాడు మొదటి కోట్ మూసేశాడు. కాంప్రిహెన్సివ్, జీరో డిప్రిసియేషన్, ఇంజన్ ప్రొటెక్షన్. ఐడీవీ గీత మళ్లీ కుడివైపుకి వచ్చింది. సైలెన్సరు ఉన్నదే ఉంటుంది. వేగం గురించి నేనేమీ అనలేదు. ఇరవై నాలుగేళ్లవాడికి అన్నయ్య చెప్పే వేగం సలహా ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. వాడి వేగానికి వెల కట్టే కాలమ్ ఆ ఫారంలో ఎక్కడా లేదన్న సంగతి మాత్రం వాడు తనంతట తనే గమనించాడు. "మరి మనకీ మాస్టారికీ ఒకటే రేటా?" అని రెండుసార్లు అడిగాడు.

డబ్బు కట్టే ముందు చివరి పేజీ. నడిపే యజమానికి 15 లక్షల ప్రమాద బీమా తప్పనిసరి. నామినీ పేరు, బంధం, వయసు నింపమంది. వాడు పేరు దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత తల ఎత్తకుండా, "అమ్మా, నీకెన్నేళ్లు?" అని అడిగాడు.

"ఆధార్‌లో ఒకటుంది, రేషన్ కార్డులో ఇంకోటుంది. ఎందుకురా?"

వాడు ఎందుకో చెప్పలేదు. ఆధార్‌లో ఉన్నది వేశాడు.