ఇంటిపేరూ, విమానమూ

వెనకటి రోజుల్లో సీమకు వెళ్ళివచ్చినవాడికి ప్రాయశ్చిత్తం ఏమిటని శాస్త్రులుగారిని అడిగేవారు. ఈనాడు ఆ బెంగ ఎవరికీ లేదు. రాత్రి శంషాబాదులో విమానం ఎక్కితే మరునాటికి జర్మనీలో కాఫీ తాగవచ్చు. అయితే ఆ విమానం దాకా చేరడానికి ముందు కాగితాల సముద్రం ఒకటి ఉంది. దాని లోతెంతో 2025లో మా యింటిల్లిపాదికీ తెలిసివచ్చింది. సైన్సు చదివే పిల్లలు ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉన్నారు గనుక ఆ సంగతులు నలుగురికీ పనికివస్తాయని రాస్తున్నాను.

నేను కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. సైన్సుకూ నాకూ ఉన్న చుట్టరికమల్లా మా మేనకోడలే. మా అక్కవాళ్ళది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. అక్కడి బోరునీళ్ళు చూడడానికి అద్దంలా ఉంటాయి. వాటిలోని ఫ్లోరైడు మాత్రం మెల్లగా ఎముకల్లోకి దిగుతుంది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క. ఇప్పుడు కృష్ణానీళ్ళు గొట్టాల్లో వస్తున్నాయిగాని, అది పుట్టి పెరిగిన రోజుల్లో ఆ బోరునీళ్ళే గతి. నడుములు వంగిపోయినవాళ్ళను చూస్తూ పెరిగిన పిల్ల, రసాయనశాస్త్రం చదివి, ఆ నీటి మీదనే పరిశోధన చేస్తూ, ఖైరతాబాదులో మా యింట్లోనే ఉంటున్నది. జనవరిలో తన పని సారాంశం రాసి ఒక సభకు పంపింది. ఏప్రిల్లో జవాబు వచ్చింది: సెప్టెంబరులో జర్మనీకి రండి, పన్నెండు నిమిషాలు మాట్లాడండి అని.

ఇక్కడ ఒక హెచ్చరిక. 'అంతర్జాతీయ' అన్న మాట ఇటీవల బొత్తిగా చవకైపోయింది. పరిశోధన చేసే పిల్లలకు వారం వారం ఆహ్వానాలు వచ్చి పడుతుంటాయి. మహాశయా, మీ ప్రఖ్యాత కృషికి ముగ్ధులమైనాము, పారిస్ దయచేయండి, రుసుము ఇన్ని యూరోలు అని. ఇంకా పట్టా చేతికి రాని పిల్లకు ప్రఖ్యాతి ఎక్కణ్ణుంచి వచ్చిందో! నిజమైన సభ వెనక ఒక శాస్త్రజ్ఞుల సంఘం ఉంటుంది. వెనకటి సభల్లో చదివిన పత్రాలు దొరుకుతాయి. పంపినదాన్ని తెలిసినవాళ్ళు చదివి తప్పులు పడతారు, వద్దని తిప్పి పంపడమూ కద్దు. పంపిన మర్నాడే డబ్బు కట్టమన్నారంటే అది సభ కాదు, సంత. గైడుగారితో ఒకమాట చెప్పకుండా రూపాయి కట్టరాదు.

మా పిల్లది నిజమైన సభే. చిక్కు వేరే చోట వచ్చింది. ఇంటిపేరు దగ్గర!

తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందుంటుంది. అదైనా పూర్తిగా ఉండదు. ఒక అక్షరం, దాని పక్కన ఒక చుక్క. ఆ చుక్క వెనక ఒక ఊరుందో, ఒక వృత్తి ఉందో, ఎప్పటిదో ఒక కథ ఉందో మనవాళ్ళకు చెప్పనక్కరలేదు. దొరలకు ఇంటిపేరు చివర ఉంటుంది, దానితోనే మనిషిని పిలుస్తారు. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి ఉంటాయి. పొడి అక్షరాలు అక్కడ చెల్లవు, విడదీసి రాయాలి. కొందరు ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తారు. అలా వదిలినవాళ్ళకు అమెరికా వీసాలో సొంత పేరే ఇంటిపేరై కూర్చుంటుంది. దాని ముందు 'పేరు తెలియదు' అని అర్థం వచ్చే మూడు అక్షరాలు వేస్తారు. కన్నతల్లి పెట్టిన పేరు ఉండగా ఈ అనామకత్వం ఎందుకు?

మా మేనకోడలి పదో తరగతి పత్రంలో పొడి అక్షరం, చుక్క. పాస్‌పోర్టులో నిండుగా ఇంటిపేరు. సభకు పేరు నమోదు చేసుకున్నప్పుడేమో సొంత పేరు ముందు, పొడి అక్షరం వెనక. అంచేత జర్మనీనుంచి వచ్చిన ఆహ్వానంలో ఆవిడ మూడో మనిషైపోయింది. జులైలో వీసా దరఖాస్తు ఇవ్వబోతే, పుచ్చుకునే బల్ల దగ్గర కుర్రవాడు ఆహ్వానమూ పాస్‌పోర్టూ పక్కపక్కన పెట్టి, "ఈ ఒక్క అక్షరం ఎవరండీ?" అన్నాడు. హేళన కాదు పాపం, అతను అడగవలసిందే అడిగాడు. ఉత్తరం మార్పించుకొని రమ్మన్నారు. మళ్ళీ తేదీ దొరికేసరికి ఆగస్టు సగం గడిచింది.

ఆ రాత్రి పిల్ల అన్నం తినలేదు. "మామా, నా పేరు నాదేనని ఎవరికి చెప్పాలె?" అన్నది. సభవారికి రాస్తే రెండు రోజుల్లో పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు వేసి కొత్త ఆహ్వానం పంపారు. చదువు పత్రాల సంగతికి నాంపల్లి కోర్టుల దగ్గర నోటరీచేత, ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని స్టాంపు కాగితం మీద ప్రమాణపత్రం రాయించాము. విమానం టిక్కెట్టు, బీమా, హోటలు, సభ రుసుము రసీదు అన్నిటి మీదా పాస్‌పోర్టులో ఉన్న పేరు, అదే వరసలో, అవే అక్షరాలతో ఉండాలి. సంధులూ సమాసాలూ దిద్దడం నాకు అలవాటు గనుక ఆ దిద్దుబాటు పని నాకు అప్పగించారు.

మిగతావి త్వరగా చెబుతాను. జర్మనీ, ఫ్రాన్సు వగైరా షెంజెన్ దేశాలకు ఒకటే వీసా. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టుకోవాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచీ తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. 15 రోజుల్లో తేలవలసినది 45 రోజుల దాకా సాగవచ్చు. పాస్‌పోర్టు పదేళ్ళలోపు ఇచ్చినదై, తిరుగు ప్రయాణం తరువాత మూడు నెలలైనా చెల్లుబాటు కావాలి, రెండు పుటలు ఖాళీగా ఉండాలి. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పదు. ఫోటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు. ఆబిడ్సులో స్టూడియోవాళ్ళకు వీసా పేరు చెబితే చాలు. విశ్వవిద్యాలయంనుంచి అభ్యంతరం లేదన్న ఉత్తరం, బ్యాంకు లెక్కలు జతపరచాలి. వీసా రుసుము 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకు 90 యూరోలు. అయితే శాస్త్రసభకు వెళ్ళే పరిశోధకులకు ఆ రుసుము మాఫీ అని వాళ్ళ నిబంధనల్లోనే ఉంది. అడిగినవాళ్ళకే గదా తెలిసేది! మా పిల్ల అడిగింది, మాఫీ అయింది. దరఖాస్తు పుచ్చుకునేవాళ్ళు తమ కూలి మాత్రం తాము తీసుకున్నారు.

అమెరికా సభలైతే స్వయంగా వెళ్ళి ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఇదివరకు అందుకోసం హైదరాబాదువాళ్ళు చెన్నై రైలెక్కేవారు. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేటు తెరిచారు. 2023లో అది నానక్‌రాంగూడకు మారింది.

మనల్నే అడుగుతారని అనుకోనక్కరలేదు. 2010 ఆగస్టులో ప్రపంచ గణితశాస్త్రజ్ఞుల మహాసభ మన హైదరాబాదులోనే జరిగింది. సభల కోసం మనవాళ్ళు ఇచ్చే వీసా కూడా ప్రత్యేకంగా ఒకటుంది. ఆ సందర్భంలోనే చదరంగ విజేత విశ్వనాథన్ ఆనంద్‌కు హైదరాబాద్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇవ్వబోతే, ఆయన ఏ దేశ పౌరుడని ఢిల్లీలో ప్రశ్న లేచింది. ఆనంద్ అంతటివాడికే తప్పలేదు, మా పిల్ల ఎంత?

సెప్టెంబరులో, ప్రయాణం ఇంకా అయిదు రోజులుందనగా పాస్‌పోర్టు వచ్చింది. ఆ మర్నాడే మా అక్క మర్రిగూడనుంచి దిగింది, రెండు సంచులతో. ఒకదానిలో నేతి అరిసెలు, పాలకోవా, నెయ్యి సీసా. రెండోదానిలో మామిడికాయ పచ్చడి, పచ్చి కరివేపాకు, ఎండుకొబ్బరి చిప్పలు. ఐరోపాలోకి పాలతో చేసినవీ మాంసమూ ప్రయాణికులు తీసుకుపోకూడదు. పచ్చి ఆకులకు ధ్రువపత్రం కావాలి. ఎండుకొబ్బరి చిప్పలు నిప్పంటుకునే సరుకని మన విమానాశ్రయంలోనే తీసేస్తారు. ఇదంతా నేను చెబుతుంటే అక్క నోటిమీద వేలేసుకున్నది. "పచ్చడి గూడ వద్దంటే పిల్ల ఏం తింటదిరా?" అన్నది. పచ్చడికి అడ్డు లేదు. చేతిసంచిలో మాత్రం కుదరదు, వంద మిల్లీలీటర్లు దాటిన తడిసరుకు అక్కడ ఆపేస్తారు. నూనె కారకుండా రెండు పొరల్లో మూటగట్టి పెద్దపెట్టెలో పెట్టాము. విమానంలో శాకాహారం కావాలంటే కనీసం ఒకరోజు ముందే చెప్పి ఉంచాలి.

పిల్ల మాత్రం తక్కువదా? తమ ఊరి నీళ్ళు నాలుగు సీసాల్లో పట్టి సభలో చూపిస్తానన్నది. ఏ నీళ్ళో, ఎందుకో పరాయి దేశంలో తనిఖీవాళ్ళకు చెప్పుకోవడంకన్నా ఫోటోలు నయమని గైడుగారు మాన్పించారు. ఒంటికి వెచ్చగా ఉండేందుకు, జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో కాశ్మీరువాళ్ళ దగ్గర మా ఆవిడ కొన్న శాలువా ఇచ్చింది. డబ్బు సంగతి: విదేశీ నోట్లు మనిషికి ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువకు మించి చేతికివ్వరు, మిగతాది కార్డులో వేసుకోవాలి. ఉపన్యాసం బొమ్మలు ఒక నకలు చేతిసంచిలో, ఒకటి ఈమెయిల్లో ఉంచుకోవాలి; పెట్టె తప్పిపోయినా పన్నెండు నిమిషాలూ తప్పిపోకుండా. ఇకమీదట వెళ్ళేవాళ్ళకు మరొక మాట: 2025 అక్టోబరు 12న ఐరోపా సరిహద్దుల్లో వేలిముద్రలూ ముఖచిత్రమూ తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది, విమానం మారవలసి ఉంటే రెంటికీ మధ్య వ్యవధి కాస్త ఎక్కువ పెట్టుకోవడం మంచిది.

సభ రెండో రోజు రాత్రి ఫోను చేసింది. మాట్లాడి దిగగానే ఇథియోపియా దేశస్థుడొకాయన దగ్గరికి వచ్చి, "మీది ఆ నల్గొండేనా?" అన్నాడట. పటికా సున్నమూ కలిపి నీటిలో ఫ్లోరైడు తగ్గించే విధానానికి, నాగపూరులోని నీరీ సంస్థవారు మన నల్గొండ పేరే పెట్టారు. ఇథియోపియాలోనూ, టాంజానియాలోనూ దాన్ని వాడి చూశారు. ఆ పేరున్న ఊరి మనిషిని చూడడం ఆయనకు అదే మొదలట. గంటసేపు తమ లోయలోని బావుల సంగతి చెప్పాడట. ఇదంతా స్పీకరు పెట్టుకొని వింటున్న మా అక్క, "వాళ్ళ పిల్లలకు గూడ కాళ్ళు వంకరపోతయా?" అని అడిగింది. అవునన్నది పిల్ల. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

తిరిగి వచ్చాక ఇంకొక పని మిగిలింది. ఖర్చులు రాబట్టుకోవాలంటే విమానం ఎక్కేటప్పుడు ఇచ్చిన చీటీలన్నీ అసలువి జతచేయాలి. పుస్తకాల్లో గుర్తుగా పెట్టి పారేసుకోకూడదు సుమండీ! మా అక్క వాటిని పిండిడబ్బాలో దాచి, అడిగినప్పుడు తీసి ఇచ్చింది.

ఈసారి అమ్మను కూడా తీసుకుపోతానంటున్నది మేనకోడలు. మొన్న దరఖాస్తు నింపడానికి కూర్చున్నాము. అక్కకు ఆధారులో మా పుట్టింటి పేరుంది, బ్యాంకు పుస్తకంలో బావగారింటి పేరుంది, రేషను కార్డులో రెండూ లేవు. కలం పట్టుకొని నావైపు చూసి, "ఏదిరా నా ఇంటిపేరు?" అంటున్నది.