చీకట్లో దీపాల వేట

తెల్లవారకముందే భుజాన సంచీ, చేతిలో టార్చిలైటు. చెక్ రాజధాని ప్రాగ్‌లో పాత టేబుల్ ల్యాంపులు సేకరించేవాళ్ల ఆదివారం ఇలాగే మొదలవుతుంది. వెలుతురొచ్చేదాకా ఆగితే మంచి సరుకు ఇంకొకరి సంచీలోకి వెళ్లిపోతుంది మరి. దీపం పట్టుకుని దీపాన్ని వెతకడం అన్నమాట!

వీళ్లకు ఏళ్ల తరబడి పెద్ద అడ్డా కోల్బెనోవా సంత. ఆ చోటికీ దీపాలకూ చుట్టరికం పాతదే. ఎమిల్ కోల్బెన్ అనే ఇంజినీరు అమెరికా వెళ్లి ఎడిసన్ సంస్థలో చీఫ్ ఇంజినీరుగా పనిచేశాడు. తిరిగొచ్చి 1896లో ఇక్కడే విద్యుత్ యంత్రాల కర్మాగారం పెట్టాడు. యూదుడైనందుకు నాజీలు ఆయన్ని తెరెజిన్ నిర్బంధ శిబిరానికి పంపారు. 1943లో అక్కడే కన్నుమూశాడు. ఆయన పేరు వీధికీ మెట్రో స్టేషనుకీ మిగిలింది. పాత ఫ్యాక్టరీల ఆవరణలో రేకుల డబ్బాలు, పింగాణీ కప్పులు, తుప్పు సైకిళ్ల మధ్య దీపాలు అమ్మకానికొచ్చాయి.

అందరూ వెతికేది 1950, 60ల నాటివి. సన్నటి మూడు కాళ్లు, ఇత్తడి కడ్డీ, ఎరుపో పసుపో రంగేసిన రేకు టోపీ, దానికి వరసగా చిల్లులు... చూడ్డానికి ఏదో గ్రహం నుంచి దిగిన మిడతలా ఉంటుంది. ఈ సోకుకు మూలం 1958లో బ్రసెల్స్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శన. అక్కడ చెకోస్లోవేకియా మంటపం ఉత్తమ మంటపంగా బంగారు నక్షత్రం గెల్చుకుంది. అప్పటినుంచి వంపులు తిరిగిన కుర్చీ మొదలు పూలకుండీ దాకా అలాంటి తీరున్నవాటన్నిటినీ చెక్‌లు ‘బ్రసెల్స్ శైలి’ అనడం మొదలుపెట్టారు. (మన రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌కు సాంకేతిక సాయం అందించిన చెకోస్లోవేకియా కూడా ఆ కాలపుదే.)

విశేషమేమిటంటే, ఇవి ధనవంతుల బంగళాల కోసం చేసినవి కావు. ప్రైవేటు కంపెనీలను ప్రభుత్వం తీసేసుకున్నాక నపాకో లాంటి జాతీయ సంస్థలు, లిడోకోవ్, డ్రుకోవ్ లాంటి సహకార సంఘాలు వీటిని మామూలు ఇళ్ల కోసం తయారుచేశాయి. రాత్రిళ్లు పిల్లలు వీటి కిందే హోంవర్కులు చేసుకున్నారు. 1989లో కమ్యూనిస్టు పాలన పోయి విదేశీ సరుకు వెల్లువెత్తేసరికి ఇవి నామోషీ అయిపోయాయి. కొన్ని చెత్తకుప్పకు చేరాయి. కొన్ని ‘ఖతా’కు వెళ్లాయి. ఖతా అంటే వారాంతాల్లో గడపడానికి చెక్‌లు ఊరి బయట కట్టుకునే చిన్న ఇల్లు. మనకు అటక ఎలాగో వాళ్లకది అలాగ, పారేయడానికి మనసొప్పనివన్నీ అక్కడికే. తాతలు పోయాక ఖతాలు ఖాళీ చేసిన మనవల దగ్గర్నుంచే సంతకు ఎక్కువ దీపాలొస్తాయి.

కొనేవాడు ముందు టోపీని బోర్లించి చూస్తాడు. లోపల గోధుమరంగు మచ్చ ఉంటే ఎక్కువ వాట్ల బల్బు వాడారని అర్థం. పాత ప్లాస్టిక్ టోపీలైతే ఆ వేడికి వంకర పోతాయి. హోల్డరు మన పిన్నుల రకం కాదు, మర తిప్పి బిగించేది. అడుగున కాగితపు లేబులు మిగిలి ఉంటే అదృష్టమే. లేకపోతే అమ్మేవాడు నోటికొచ్చిన పేరు చెబుతాడు. నపాకోకు పేరు తెచ్చిన డిజైనర్ యోసెఫ్ హుర్కా అంటే గిరాకీ కదా, ఎవరు చేసిందైనా ‘హుర్కాదే’ అనేస్తారు! నమ్మితే జేబుకు చిల్లే.

అసలు తగాదా ఇంటికొచ్చాక. పాత వైరు తొడుగు ఎండి పెళుసెక్కి ఉంటుంది. ఒంటి నిండా ఇనుమే కాబట్టి ఎక్కడైనా తీగ బయటపడితే దీపం మొత్తం షాకు కొడుతుంది. మార్చక తప్పదు. మారిస్తే అసలుతనం పోయిందని కొందరి గొడవ. మధ్యేమార్గంగా, విప్పిన పాత వైరునూ బేక్‌లైట్ ప్లగ్గునూ చుట్టచుట్టి దాచిపెట్టేవాళ్లున్నారు. రంగు విషయంలో మాత్రం రాజీ కుదరదు. గీతలు పడ్డ పాత ఎరుపే ముద్దని ఒకరు, కొత్తగా స్ప్రే చేస్తే తప్పేంటని ఇంకొకరు. నిజానికి ఒకసారి కొత్త రంగు కొట్టాక ఆ ఎరుపు మళ్లీ తిరిగిరాదు. గీతలే నయం.

ఈ గొడవల మధ్య ఎల్ఈడీ బల్బు మేలే చేసింది. వేడి తక్కువ కనుక అరవై ఏళ్ల ప్లాస్టిక్ టోపీ కూడా నిబ్బరంగా ఉంటోంది.

బ్రసెల్స్ నుంచి విప్పి తెచ్చి ప్రాగ్‌లో మళ్లీ నిలబెట్టిన ప్రధాన మంటపం 1991లో కాలిపోయింది. దాని రెస్టారెంటు భవనం మాత్రం లెట్నా తోటలో ఉంది, ఇప్పుడది ఆఫీసు. సేకర్తలు దారిలో ఓసారి ఆగి చూసి వెళ్తుంటారు, సంచీలో పాత పేపర్లో చుట్టిన దీపంతో. అది వెలుగుతుందో లేదో అప్పటికి తెలియదు. సంతలో ప్లగ్గు పెట్టి చూసే సౌకర్యం ఎక్కడిది!