మలక్కాలో బందరు జాడ

జూన్ సెలవులు దగ్గర పడుతున్నాయంటే సింగపూర్‌లో మా తెలుగు ఇళ్లలో యూరప్ కబుర్లు మొదలవుతాయి. లిస్బన్ చూడాలి, ఆమ్‌స్టర్‌డామ్ చూడాలి అంటారు పిల్లలు. వీలు పడని ఏడు మేము మలక్కా వెళ్లాం. తువాస్ వంతెన మీదుగా సుమారు 240 కిలోమీటర్లు. చీకటితో బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరుకోవచ్చు.

ఈ ఊరిని 1511లో పోర్చుగీసులు, 1641లో డచ్చివారు పట్టుకున్నారు. 1824 ఒప్పందంతో ఇంగ్లీషువారికి దక్కింది. పోర్చుగీసు కోటలో ఇప్పుడు మిగిలింది ఒక్క ద్వారం. మిగతాదంతా ఇంగ్లీషువారే కూలగొట్టారు. కొండ మీద కప్పు లేని సెయింట్ పాల్ చర్చి గోడలకు మనిషంత ఎత్తు సమాధి రాళ్లు ఆనించి ఉన్నాయి. ఆ రాళ్ల మీది అక్షరాల వెంట వేలు పోనిస్తూ మా అమ్మాయి అడిగింది: "నాన్నా, వీళ్లంతా ఇంత దూరం ఎందుకొచ్చారు?"

లవంగాల కోసం, జాజికాయ కోసం. కానీ అవి పండే దీవులవాళ్లు సుగంధద్రవ్యాలకు బదులుగా కోరుకున్నది బట్టలు. ఆ బట్టల్లో చాలావరకు మన తీరంలో నేసినవి, అద్దినవి. అందుకే డచ్చివారు 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో, అంటే మన బందరులో, వర్తకశాల పెట్టారు, పులికాట్‌లో కోట కట్టారు. మన సాలెవారి మగ్గమూ, అద్దకంవారి చేతి పనితనమూ లేకపోతే ఆ వర్తకం అంతగా సాగేది కాదు. ఈ సంగతి మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఎంతో వివరంగా ఉండాల్సింది.

ప్యాకేజీ బస్సులు ఎర్ర చర్చి దగ్గర ఫొటోలు తీయించి, జోంకర్ వీధిలో చెండోల్ తాగించి తిప్పి తీసుకొచ్చేస్తాయి. నా మటుకు మలక్కా ప్రాణమంతా పక్కనున్న కంసాలి వీధిలోనే ఉంది. డచ్చి ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో 1781లో కట్టిన వినాయకుడి గుడి అక్కడుంది. అదే వరసలో 1748లో తొలిసారి కట్టిన మసీదు, కాస్త అవతల చీనావారి పాత గుడి. వినాయకుడి గుడి చిట్టిలది. దక్షిణాది వర్తకులు ఇక్కడి ఆడవాళ్లను పెళ్లాడి స్థిరపడగా ఏర్పడిన సమాజం వాళ్లది. ఇంట్లో మాట్లాడేది మలయ్, కొలిచేది మన దేవుళ్లని. మాతో వచ్చిన అత్తయ్య అక్కడ కొబ్బరికాయ కొట్టించి, హారతి కళ్లకద్దుకుని, చాలాసేపు అరుగు మీదే కూర్చుండిపోయింది. మేమూ తొందరపెట్టలేదు.

ఇలా కలగలిసి బతకడం ఈ ఊరికి కొత్త కాదు. పోర్చుగీసుల తొలిరోజుల్లో ఇక్కడ ఉన్న తోమే పిరెస్ అనే పోర్చుగీసువాడు ఈ రేవులో 84 భాషలు వినపడతాయని రాశాడు.

సింగపూర్‌లో ఉన్న తెలుగువారికి ఒక మనవి. పిల్లలకు మలక్కా చూపించండి. ఈసారి ఊరెళ్లినప్పుడు బందరుకూ తీసుకెళ్లండి. అక్కడ డచ్చివారి పేరుతో పిలిచే వలందపాలెం ఉంది, వారి సమాధులున్నాయి. రెండూ చూస్తేనే ఈ కథ వాళ్లకు పూర్తిగా తెలుస్తుంది.