నాయుడుపేట నుంచి గూడబాతుల ఊరికి..

సోలో రోడ్ ట్రిప్ అనగానే రీల్స్‌లో కనిపించేది ఎల్లోస్టోనే. 1872లో మొదలైన నేషనల్ పార్కు, నేలలోంచి ఎగజిమ్మే వేడినీళ్లు, రోడ్డుకు అడ్డంగా నిలబడే బైసన్లు. వీసా, టికెట్ లెక్కేసేసరికి మన ఆశ కూడా ఆవిరే! అందుకే జనవరిలో ఓ ఆదివారం తెల్లారుజామున నాయుడుపేటలో టీ తాగి, బైక్ మీద చెన్నై హైవే ఎక్కేశాను.

సుమారు 20 కిలోమీటర్లు వెళ్తే, దొరవారిసత్రం దగ్గర నేలపట్టు. చెరువులో సగం మునిగిన కడప చెట్లు, కొమ్మకొమ్మకీ గూడబాతుల గూళ్లు. పిల్లలు తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి మరీ చేపలు తింటాయి. ఆ చేపల కోసం పెద్దవి పులికాట్ దాకా ఎగిరెళ్తాయి. కాపురం ఇక్కడ, క్యారేజీ అక్కడ! వీటి రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకు ఎరువు. అందుకే ఊళ్లోవాళ్లకి ఇవంటే ముద్దు.

తర్వాత సూళ్లూరుపేట. అక్కణ్నుంచి శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే వెళ్తుంది. రెండు పక్కలా ఫ్లెమింగోలు ముక్కు తలకిందులుగా పెట్టి నీళ్లు వడగడుతుంటాయి. ఆ తిండిలోని రంగే వాటి ఈకలకు గులాబీ రంగవుతుంది. షార్ గేటు దగ్గర మాత్రం వెనక్కి తిరగాల్సిందే.

ఈశాన్య రుతుపవనాలు ముఖం చాటేస్తే నేలపట్టు చెరువు నిండదు. చెట్ల కింద నీళ్లు లేకపోతే గూళ్లకు కాపలా లేనట్టే, పక్షులు నిలవవు. వానను మనం తేలేం. హారన్, డ్రోన్, ప్లాస్టిక్ కవర్.. ఈ మూడూ మన చేతిలోవే. ఇంట్లో వదిలేయగలిగినవి వదిలేసి, బైనాక్యులర్స్ పట్టుకెళ్లండి.