ఎడారిలో శ్రమమూర్తులు

తాను గౌరవించదలచినవారికి శిలలోనో లోహంలోనో రూపం కల్పించడం మానవునికి అనాదిగా ఉన్న అలవాటు. అయితే ఆ గౌరవం ఎక్కువగా దక్కింది దేవతలకు, చక్రవర్తులకు, సేనానులకు, ప్రజానాయకులకు. పొలంలో నడుము వంచి పనిచేసిన కూలీ విగ్రహమై నిలవడం అరుదు. చెన్నై మెరీనా తీరంలో 1959లో నెలకొల్పిన దేవీప్రసాద్ రాయ్ చౌదరి కాంస్య శిల్పం ‘శ్రామిక విజయం’ అటువంటి అరుదైన గౌరవాలలో ఒకటి. అమెరికాలోని ఒక ఎడారి లోయలో నాటి ద్రాక్షతోటల కూలీలకు లభించిన గౌరవం మరొకటి.

కాలిఫోర్నియా రాష్ట్రపు దక్షిణ భాగంలో బొరెగో స్ప్రింగ్స్ అనే చిన్న ఊరు ఉంది. దాని చుట్టూ ఆంజా-బొరెగో ఎడారి ఉద్యానం విస్తరించి ఉంది. వేసవిలో అక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సర్వసాధారణం. అటువంటి చోట 1940లలో భూగర్భజలాన్ని పైకి తోడి, డిజార్జియో అనే పండ్ల సంస్థ ద్రాక్షను సాగుచేసింది. ఎడారి వేడిమికి ఇతర ప్రాంతాల కంటె ముందుగానే పండ్లు పక్వానికి వచ్చేవి. తొలి పంటకు మంచి ధర పలికేది. ఏ ఎండ తోటకు వరమైందో, ఆ ఎండే కూలీకి శాపమైంది.

కాలిఫోర్నియా ద్రాక్షతోటలలో పనిచేసినవారిలో అధికులు మెక్సికో, ఫిలిప్పీన్స్ దేశాల మూలాలు కలవారు. పంట వెంట ఊరూరా తిరిగే జీవితం వారిది. కార్మికులకు సంఘటితమయ్యే హక్కును ప్రసాదించిన 1935 నాటి అమెరికా చట్టం వ్యవసాయ కూలీలను మినహాయించింది. పొలంలో చల్లని తాగునీరు, మరుగుదొడ్డి వంటి కనీస సౌకర్యాలకు కూడా వారు పోరాడవలసి వచ్చింది. 1965 సెప్టెంబరు 8న డెలానో ప్రాంతంలో లారీ ఇట్లియాంగ్ నాయకత్వాన ఫిలిపినో కూలీలు సమ్మె ప్రారంభించారు. కొద్ది రోజులకే సీజర్ చావెజ్ నాయకత్వంలోని మెక్సికన్ కూలీలు వారితో చేతులు కలిపారు. గాంధీజీ అహింసామార్గం ఆ ఉద్యమానికి స్ఫూర్తినిచ్చింది.

1966 జూన్‌లో ఆ సమ్మె బొరెగో లోయను తాకింది. పని మానిన కూలీలు తోటలోని తమ సామాన్లు తెచ్చుకోబోగా, వారికి తోడుగా వెళ్లిన చావెజ్‌ను, ఇద్దరు మతాచార్యులను అక్రమ ప్రవేశం పేరిట నిర్బంధించారు. అదే ఏడాది ఆగస్టు 30న జరిగిన ఎన్నికలో ఆ సంస్థ పొలం కూలీలు 530 ఓట్లతో తమ సంఘాన్ని గెలిపించుకున్నారు. ప్రత్యర్థి సంఘానికి వచ్చినవి 331 ఓట్లు. 1970 నాటికి డెలానో తోటల యజమానులు కూడా ఒప్పందాలపై సంతకాలు చేశారు. కాలక్రమంలో బొరెగోలోని ఆ ద్రాక్షతోటలు అంతరించాయి. వాటితోపాటు కూలీల జ్ఞాపకం కూడా ఇసుకలో కలిసిపోవలసినదే.

అలా కలిసిపోకుండా నిలిపినవి ఉక్కు శిల్పాలు. డెనిస్ ఎవరీ అనే సంపన్నుడు తన ఎడారి భూములలో 2008 నుండి శిల్పాలను నెలకొల్పడం ఆరంభించాడు. పూర్వయుగాల ఏనుగులు, గుర్రాలు, మహాసర్పం మొదలైన రూపాలు 130కి పైగా అక్కడ వెలిశాయి. వాటి నడుమ ద్రాక్ష కోసే కూలీలు కూడా చోటు సంపాదించుకున్నారు. 2012లో ఎవరీ మరణించాడు. ఆ శిల్పాలను దర్శించడానికి రుసుము లేదు, కంచె లేదు.

వాటిని మలచిన రికార్డో బ్రెసెడా మెక్సికోలో జన్మించి పొట్టకూటికి అమెరికా చేరినవాడు. భవన నిర్మాణంలో పనిచేస్తూ ఎత్తు నుండి పడి గాయపడ్డాడు. ఆ వృత్తికి దూరమైన తరువాతనే ఉక్కు రేకులను కత్తిరించి, సుత్తితో వంచి, వెల్డింగుతో అతికి శిల్పాలు చేయనారంభించాడు. శ్రమ దేహాన్ని ఎలా వంచుతుందో అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ శిల్పాలకు రంగు లేదు, ఎత్తయిన పీఠం లేదు. తుప్పే వాటికి మట్టిరంగు పూసింది. విగ్రహం కూలి పెంచదు, నీడ ఇవ్వదు. ఆరుబయట పనిచేసేవారికి నీరు, నీడ, విశ్రాంతి కల్పించాలన్న నిబంధన కాలిఫోర్నియాలో 2005లో గాని రాలేదు. బతికి ఉన్నవారికి న్యాయం చేయకుండా గతించినవారికి విగ్రహాలు నిలిపితే ఆ గౌరవం అసంపూర్ణమే. అయినా మరచిపోవడం కంటె గుర్తుంచుకోవడం మేలు. మరచిన అన్యాయం మళ్లీ మొలకెత్తుతుంది.

రాజుల విగ్రహాలను చూడడానికి తల పైకెత్తాలి. నేలమీద వంగి పనిచేస్తున్న ఈ శ్రమమూర్తుల ముఖాలు చూడాలంటే చూచేవారు కూడా వంగాలి. పండు తినేవాడు పండించినవానికి చేయవలసిన నమస్కారం అదే.