నా పేరు గురుబారి, సర్టిఫికెట్‌లో మాత్రం లక్ష్మి



మన గ్రూపులో ఇంటిపేర్ల మీద, గోత్రాల మీద చాలామంది రాశారు. కొర్రా అంటే సూర్యుడని, కిల్లో అంటే పులి అని, పాంగి అంటే గద్ద అని. అవన్నీ చదివాను, బాగున్నాయి. నేను ఇంటిపేరు జోలికి పోను. దాని పక్కన ఉండే రెండో పేరు గురించి రాస్తాను. ఎందుకంటే బడిలోకి వెళ్లినప్పుడు మన ఇంటిపేరుని ఎవరూ ముట్టుకోలేదు. మార్చింది ఈ రెండో పేరునే.

నా పేరు గురుబారి. మాది ముంచంగిపుట్టు దాటి మాచ్‌ఖండ్ వైపు వెళ్తే వచ్చే ఊరు. మేము పోర్జలం, ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతాం. అందులో గురువారాన్ని గురుబార్ అంటారు. గురుబార్ నాడు పుట్టిన ఆడపిల్ల గురుబారి. అర్థం అంతే, దాని వెనక పెద్ద కథ ఏమీ లేదు.

మా వైపు వాళ్లకి ఇది కొత్త కాదు. సోమవారం పుడితే సొంబారి, మంగళవారం అయితే మంగ్లి, బుధవారం బుద్రి, శుక్రవారం సుక్రి, శనివారం సనిబారి, ఆదివారం ఐతి. మగపిల్లలకి అవే కొంచెం మారి సోమ్రా, మంగ్లు, బుద్రా, సుక్రా, ఐతు అవుతాయి. "ఏడే పేర్లయితే ఊళ్లో అందరివీ ఒకటే అయిపోవా?" అని కాలేజీలో ఒకమ్మాయి అడిగింది. అవుతాయి. మా ఊళ్లో పెద్ద గురుబారి ఉంది, చిన్న గురుబారి ఉంది, చింతచెట్టు ఇంటి గురుబారి ఉంది. నేను చిన్న గురుబారిని. ఎవరికీ ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. రిజిస్టరు వచ్చాకే ఇబ్బంది వచ్చింది.

ఆశ్రమ పాఠశాలలో వేసినప్పుడు మాస్టారు నాన్నని పేరు అడిగారు. నాన్న చెప్పాడు. మాస్టారికి నోరు తిరగలేదు. అర్థం ఏమిటని అడిగితే వచ్చీరాని తెలుగులో "లచ్చింవారం పుట్టింది బాబూ" అన్నాడట నాన్న. ఉత్తరాంధ్రలో గురువారాన్ని లక్ష్మివారం అంటారు కదా, మాస్టారూ అటువైపు మనిషే. "అయితే లక్ష్మి" అని రాసేశారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అనువాదంలో తప్పేమీ లేదు, నిజానికి బాగానే చేశారు. పిల్ల పేరుని అనువాదం చేయాల్సిన పని ఏముంది అన్నదే నాకు అర్థం కాదు. ఆయన పేరుని ఎవరూ ఒడియాలోకి మార్చలేదు.

మొదటి వారం రోజులు హాజరు పిలిస్తే నేను పలకలేదట. లక్ష్మి అంటే నేనే అని నాకెవరూ చెప్పలేదు. రోజూ కూర్చునే ఉన్నాను, రోజూ ఆబ్సెంట్ పడింది. ఇది చెప్తే హాస్టల్‌లో అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. నవ్వాక ఒక్కొక్కరూ వాళ్లవి చెప్తారు. మా అంతస్తులో ఒక శ్రావణి ఇంటి దగ్గర సుక్రి. ఒక సంధ్య ఇంటి దగ్గర సొంబారి. మూడేళ్లు ఒకే గదిలో ఉండి ఒకరి పేరు ఒకరికి తెలియదు, చూడండి.

ఈ పేరు మార్చే పని మన ఏజెన్సీలోనే జరిగింది అనుకునేదాన్ని. మన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారి పేరు గురించి చదివాక అలా కాదని తెలిసింది. ఆమెకి ఇంట్లో పెట్టిన సంతాలీ పేరు పుతి. ద్రౌపది అని పెట్టింది బడిలో టీచరు. ఈ మాట ఆమే ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. సంతాల్ వాళ్లలో ఆడపిల్ల పుడితే నాయనమ్మ పేరు, మగపిల్లాడు పుడితే తాత పేరు పెడతారని, అలా పేరు చచ్చిపోకుండా నడుస్తుందని కూడా అన్నారు. అంటే ఆ టీచరు ఒక్క పిల్ల పేరు మార్చలేదు, అంతకుముందు ఆ పేరు మోసిన ముసలమ్మలందరినీ రిజిస్టరులోంచి తీసేశారు. 2022 జూలై 25న ప్రమాణ స్వీకారంలో దేశమంతా విన్నది ఆ టీచరు పెట్టిన పేరునే.

ఇక బిర్సా. నవంబర్ 15న మన హాస్టళ్లన్నిటిలో దండ వేస్తాం, ఈసారి 150వ జయంతి అని ఇంకా గట్టిగా చేశాం. ఆయన ఫోటో కింద నిలబడి ప్రసంగాలు ఇచ్చినవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, బిర్సా అన్నది కూడా వారం పేరే. ముండా వాళ్లలోనూ పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టే ఆచారం ఉంది, బృహస్పతివారం పుట్టాడు కాబట్టి బిర్సా అని చెప్తారు. బృహస్పతివారం అంటే గురువారం. అంటే ఆయనదీ నాదీ ఒకటే పేరు! అది చదివిన రోజు నాకు అన్నం కూడా సరిగ్గా తినాలనిపించలేదు, అంత సంతోషం. మిషన్ స్కూల్లో చదివినప్పుడు ఆయనకీ ఇంకో పేరు తగిలించారు, డేవిడ్ అని. ఆ పేరు ఎక్కడ పోయిందో, ఏది మిగిలిందో మీకు తెలుసు.

ఒక తిరకాసు ఉంది. మనం జయంతి చేసే తేదీ 1875 నవంబర్ 15. ఆ రోజు ఏ వారమా అని లెక్క వేశాను. సోమవారం వచ్చింది. మళ్లీ వేశాను, మళ్లీ సోమవారమే. కాగితం మీది తేదీ ఒకటి చెప్తోంది, పేరు ఇంకోటి చెప్తోంది. నన్ను అడిగితే నేను పేరునే నమ్ముతాను. పేరు పెట్టింది పురుడు చూసినవాళ్లు. తేదీలు ఎలా వేస్తారో నాకు నా మెమో చూస్తే తెలుస్తుంది.

నా టెన్త్ మెమోలో పుట్టిన తేదీ 10-06-2005. మా క్లాసులో చాలామందికి జూన్ నెలే. బడి తెరిచే నెల కదా, ఐదేళ్లు నిండినట్టు లెక్క సరిపోవాలి. 2005 జూన్ 10 శుక్రవారం. ఆ లెక్కన నేను సుక్రి అవ్వాలి. మా అమ్మ మాత్రం వేరేగా చెప్తుంది. వలిసెలు పూత మీద ఉన్నాయి, కొండంతా పచ్చగా పసుపు పోసినట్టు ఉంది, ఆ రోజు ఒనకడిల్లి సంత. నొప్పులు రాకపోతే తనూ సంతకి వెళ్లేదే. ఒనకడిల్లి సంత గురువారం, బోండా వాళ్లు కూడా కొండ దిగి వస్తారు, మా ఊరివాళ్లకి అది తప్పే ప్రశ్నే లేదు. వలిసెలు జూన్‌లో పూయవు. ఏ సంవత్సరమో అమ్మకి తెలియదు, ఏ వారమో మాత్రం నిద్రలో అడిగినా చెప్తుంది. నా దగ్గర ఉన్న కాగితాలన్నిటిలోకీ నా పుట్టుక గురించి నిజం చెప్పేది నా పేరు ఒక్కటే.

నేను బీఏలో చరిత్ర చదువుతున్నాను. లైబ్రరీలో ఘానా దేశపు క్వామే ఎన్‌క్రుమా గురించి చదివేటప్పుడు ఇదే సంగతి కనిపించింది. అక్కడ అకాన్ ప్రజల్లో కూడా పుట్టిన వారమే పేరు. క్వామే అంటే శనివారం పుట్టిన మగపిల్లాడు. కోఫీ అంటే శుక్రవారం. ఐక్యరాజ్య సమితికి సెక్రటరీ జనరల్‌గా చేసిన కోఫీ అన్నన్ పుట్టిన 1938 ఏప్రిల్ 8 శుక్రవారమే. ఎన్‌క్రుమాకి మాత్రం మన సమస్యే. చర్చి ఫాదర్ ఆయన పుట్టిన తేదీని 1909 సెప్టెంబర్ 21 అని రాశారు. అది మంగళవారం. ఫాదర్ అంచనాగా వేసిన తేదీ అని ఎన్‌క్రుమాయే తన ఆత్మకథలో రాసుకున్నారు. వాళ్లమ్మకి తెలిసింది శనివారం అని, ఆ నెలలో దానికి దగ్గర శనివారం 18వ తేదీ. ఒక దేశానికి మొదటి ప్రధాని అయిన మనిషికీ అమ్మ చెప్పిన వారమే గట్టి ఆధారం అయింది.

అదే అకాన్ భాషల్లో గురువారం పుట్టిన ఆడపిల్ల యా. 1900లో బ్రిటిష్ వాళ్ల మీద అశాంతి ప్రజల్ని యుద్ధానికి నడిపించిన యా అశాంతెవా పేరులో ఉన్నది అదే యా. బిర్సా రాంచీ జైల్లో చనిపోయింది 1900 జూన్ 9న. ఒకే ఏడు, ఒకే వారం పేరున్న ఇద్దరు, ఎక్కడెక్కడో. దీనికి అర్థం ఏమీ లేదు, నాకు తెలుసు. అయినా రాయకుండా ఉండలేకపోయాను.

మన సీనియర్ అన్న ఒకాయన నాతో వాదించారు, "గురు, సోమ, మంగళ, బుధ అన్నీ సంస్కృతమే కదా, ఇందులో మన ఆదివాసీ పేరు ఎక్కడుంది?" అని. న్యాయమైన ప్రశ్న. ఏడు రోజుల వారం మన కొండల్లో పుట్టలేదు. సంతతో పాటు కిందనుంచి ఎక్కి వచ్చి ఉంటుందని నా ఊహ. మాకు ఈరోజుకీ వారం అంటే సంతే, శుక్రవారం అనకుండా "అరకు సంత నాడు" అంటారు. మాట కింద నుంచి వచ్చింది, సరే. కానీ దానితో పిల్లకి పేరు పెట్టుకునే పద్ధతి మన ఊళ్లల్లో నడిచింది. ఉప్పు కూడా కిందనుంచే వచ్చింది, అలా అని మన కూర మనది కాకుండా పోదు కదా అన్నా.

ఇక అసలు సంగతి. ఆధార్ క్యాంపు ఊరికి వచ్చినప్పుడు రేషన్ కార్డు చూసి ఎక్కించారు కాబట్టి ఆధార్‌లో నేను గురుబారిని. టెన్త్ మెమోలో, ఇంటర్ మెమోలో లక్ష్మిని. డిగ్రీలో స్కాలర్‌షిప్ దరఖాస్తు దగ్గర ఇద్దరం ఎదురుపడ్డాం. పేరు కలవలేదు, ఆగిపోయింది. తిరిగాను. మెమోలో పేరు మార్చమంటే, స్కూల్ అడ్మిషన్ రిజిస్టరుకీ మెమోకీ తేడా ఉంటేనే సరిచేస్తారని చెప్పారు. నా రిజిస్టరులోనే లక్ష్మి. ఇంకో దారి గెజిట్: అఫిడవిట్, పేపర్లో ప్రకటన, ఫీజు, చాలా నెలలు. అన్నిటికన్నా తేలిక ఆధార్‌ని లక్ష్మి చేసుకోవడం. నాన్న కూడా అదే అన్నాడు: "లక్ష్మి మంచి పేరే కదమ్మా, పసుపు అమ్మిన డబ్బు పేరుకి పెడతామా?" అమ్మ ఏమీ అనలేదు.

ఆఖరి తేదీకి ఐదు రోజులు ఉందనగా వెళ్లి మార్పించాను. ఫీజు కట్టకపోతే ఏ పేరుతోనూ చదవలేను. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. ఒకటి వాడేశాను. రెండోది అలాగే ఉంచాను. ఉద్యోగం వచ్చాక, మొదటి జీతంతో గెజిట్‌కి దరఖాస్తు పెట్టాక, ఆ రెండోసారి వాడతాను. హాస్టల్లో మాత్రం ఇప్పటినుంచే అందరినీ గురుబారి అని పిలవమన్నాను. వార్డెన్ మేడమ్ మొదట నవ్వారు, ఇప్పుడు పిలుస్తున్నారు.

ఇంతలో పోయిన నెల మా అన్నకి కూతురు పుట్టింది. శనివారం. అమ్మ వెంటనే సనిబారి అనేసింది. వదిన ఒప్పుకోలేదు. నాకు ఫోన్ చేసి, "నువ్వు చదువుకున్నదానివి, ఫోన్లో చూసి మంచి పేరు పంపు వదినా" అంది. నేను ఘానా కథ అంతా చెప్పాను. శనివారం పుట్టినాయనే ఆ దేశానికి స్వాతంత్ర్యం తెచ్చాడు అన్నాను. వదిన అంతా విని, "ఆ దేశంలో తెలుగోళ్లు లేరు కదా" అంది.

నాకు మాట రాలేదు. మన భాషలో సని అంటే ఒక వారం, అంతే. కిందకి దిగితే శని అంటే తిట్టు. ఆ పిల్ల ఆరో తరగతికి వచ్చేసరికి క్లాసులో ఎన్నిసార్లు "ఏయ్ శనీ" అనిపించుకుంటుందో నాకూ తెలుసు, వదినకీ తెలుసు. లక్ష్మి అన్నది ఎవరూ తిట్టని పేరు. గురుబారి అయినా పలకలేకపోతారు గానీ తిట్టరు. నా పేరు మీద నాకున్న ధైర్యాన్ని ఆ పిల్ల నెత్తిన పెట్టే హక్కు నాకుందా అని చాలాసేపు ఆలోచించాను. ఇప్పటికీ తేలలేదు.

అందుకే వదినకి పేరు పంపలేదు, ఒక సమాచారం పంపాను. మీకూ పనికొస్తుంది. పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయించాలి, కానీ అప్పుడే పేరు రాయాలని లేదు. పేరు గడి ఖాళీగా ఉంచొచ్చు. 12 నెలల్లోపు చేర్చుకుంటే ఫీజు ఉండదు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకూ చేర్చుకోవచ్చు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి స్కూలుకైనా, ఆధార్‌కైనా పుట్టిన తేదీ రుజువుగా ఆ జనన ధ్రువపత్రమే. కాబట్టి ఆ పిల్లకి జూన్ 10 అని ఎవరూ వేయలేరు, ఏ మాస్టారూ తోచిన పేరు రాయలేరు. నిజమైన తేదీ పడింది, శనివారంతో సహా.

అన్న వెళ్లి నమోదు చేయించాడు. పేరు గడి ఖాళీగా ఉంది. వదిన టీవీ సీరియల్‌లోంచి ఒక పేరు అనుకుంటోంది, అన్న బిర్సీ అంటున్నాడు. అది గురువారం పేరురా అని చెప్పాను, వినట్లేదు. అమ్మ మాత్రం ఉయ్యాల ఊపుతూ సనిబారీ అనే పిలుస్తోంది, పిల్ల ఆ పిలుపుకి తల తిప్పుతోందట. ఇంకా పదకొండు నెలలు టైముంది.