బెంగళూరు పెట్టె

చంద్రపూర్ జిల్లా బొగ్గుగనుల ఊరు, మా మాజ్రిలో వాతావరణానికి క్రమశిక్షణ ఎక్కువ. హోలీ పోయిందంటే ఎండ మొదలు, మృగశిర దాకా దానిదే రాజ్యం. తర్వాత వాన. దీపావళి దాటాక చలి. మధ్యలో ఎప్పుడైనా వడగళ్లు పడి గోధుమ రైతుని ఏడిపించడం తప్పిస్తే, ఒక కాలం ఇంకో కాలం హద్దులోకి వచ్చి తగువు పెట్టుకోవడం తక్కువ. ఈ బొగ్గుగని క్వార్టర్లలో బట్టలు దాచే పద్ధతి కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. స్వెటర్లు, మఫ్లర్లు, మంకీ టోపీలు కలరా ఉండలతో సహా ఇనుపపెట్టెలోకి వెళ్లాయంటే మళ్లీ కార్తీకంలోనే బయటికి. గొడుగులు జూన్‌లో దిగుతాయి, అక్టోబర్‌లో అటకెక్కుతాయి. ఏ నెలలో ఏం కట్టుకోవాలో ఇక్కడ ఎవర్నీ అడగక్కర్లేదు, క్యాలెండర్ చూసుకుంటే చాలు.

ఇలాంటి ఊరివాళ్లని బెంగళూరుకి బట్టలు సర్దమంటే చెయ్యాడదు.

సర్దక తప్పని రోజులొచ్చాయి. 1973లో బొగ్గుగనులు ప్రభుత్వపరమయ్యాక కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి ఇక్కడి బాయిల్లో పనికొచ్చిన తెలుగువాళ్లంతా ఇప్పుడు రిటైరైపోయారు. వాళ్ల పిల్లలు పుణేలోనో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నారు. కాలనీలో ఏ ఇంట్లో చూసినా ఏటా ఒకసారి పెట్టె దిగుతుంది. మా మరిది బెంగళూరులో ఉన్నాడు కాబట్టి మా ఇంట్లోనూ దిగుతుంది. పెట్టె సర్దేది నేను, ఎక్కువైందని తీసేది మామ, తీసినవి మళ్లీ కుక్కేది అత్తమ్మ.

కిందటిసారి ప్రయాణం మే నెలలో పడింది. బయట నలభై అయిదు దాటింది. కూలర్ ఎంత తిరిగినా గదిలోకి వేడిగాలే వస్తోంది. ఆ ఎండలో అత్తమ్మ నట్టింట్లో బొంత పరిచి మడత పెడుతోంది. పాత చీరలు పొరలుపొరలుగా కలిపి చేత్తో కుట్టిన బొంత అది. చూస్తేనే చెమట పట్టేలా ఉంది.

"బెంగళూర్‌ల సలి ఉంటదట గద బిడ్డా. మొన్న ఫోన్ జేస్తే చిన్నోడు స్వెటర్ ఏసుకొనే మాట్లాడుతుండు" అంది.

బెంగళూరంటే చలి అన్న మాట తెలుగు ఇళ్లల్లో బాగా నాటుకుపోయింది. మాజ్రి నుంచి వెళ్లేవాళ్లకి ఆ మాట అసలు వర్తించదు. చలికాలం తెల్లవారుజామున మా చంద్రపూర్ జిల్లాలో పది డిగ్రీల దాకా దిగే రోజులుంటాయి. అప్పుడు స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర నిలబడితే గ్లాసు పట్టుకున్న చెయ్యి ఒక్కటే వెచ్చగా ఉంటుంది. బెంగళూరులో డిసెంబర్, జనవరి రాత్రులు మామూలుగా పదిహేను, పదహారు. అక్కడ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ ఎప్పుడో 1884 జనవరిలో. చలిని తట్టుకోవడమే సమస్య అయితే మా ఊరివాళ్లు బనీను మీద వెళ్లి రావచ్చు.

మాజ్రి ఏడాదిలో 48కి ఎక్కి 10కి దిగగలదు. కానీ ఆ ఎక్కడానికీ దిగడానికీ నెలలకు నెలలు తీసుకుంటుంది. ఈలోగా మన ఒళ్లూ బీరువా రెండూ సర్దుకుంటాయి. బెంగళూరులో ఎక్కుడు దిగుడు తక్కువే, కాకపోతే అదంతా పొద్దున్నుంచి సాయంత్రం లోపలే అయిపోతుంది. మేలో మధ్యాహ్నం ముప్పైమూడు ఉంటుంది. నాలుగింటికి మబ్బు కమ్ముతుంది, గాలి లేస్తుంది, అరగంట దంచికొడుతుంది. అయిదున్నరకి ఇరవై రెండు. ఆ పదకొండు డిగ్రీల తేడా మాజ్రి రాత్రుల్లో రావాలంటే దసరా నుంచి సంక్రాంతి దాకా ఆగాలి.

దీనికి మొదటి కారణం ఎత్తు. చంద్రపూర్ సముద్రమట్టానికి రెండు వందల మీటర్లు కూడా లేదు. బెంగళూరు తొమ్మిది వందల పైచిలుకు. కిలోమీటరు పైకెక్కితే గాలి ఆరు డిగ్రీలకు పైగా చల్లబడుతుంది కాబట్టి మనకీ వాళ్లకీ వేసవిలో అంత తేడా. దానికితోడు నైరుతి, ఈశాన్యం రెండు రుతుపవనాలూ అక్కడ చెయ్యి వేస్తాయి. అవి రాకముందే మామిడి కాయలు పండే రోజుల్లో మధ్యాహ్నపు ఎండకి నేల కాగి, సాయంత్రానికి ఉరుముల వానలు పడతాయి. సెప్టెంబర్, అక్టోబర్ వాన సరేసరి. ఏ నెలలో వెళ్లినా గొడుగు పెట్టుకోక తప్పదు, ఏ నెలలోనూ అది తప్పకుండా పనికొస్తుందని చెప్పలేం.

2024నే తీసుకోండి. ఆ ఎండాకాలం బెంగళూరులో తాగునీళ్లకి కటకట. ఏప్రిల్‌లో ఉరుముల వాన రాలేదు. 28వ తేదీన 38.5 డిగ్రీలు కాసింది. మా మరిది ఫోన్లో "వదినా, ఇది మాజ్రి అయిపోయింది" అన్నాడు. అది విని ఎవరైనా నూలు బట్టలు మాత్రం సర్దుకుని బయల్దేరితే, జూన్ 2 నాటికి ఏమయ్యేది? ఆ ఒక్కరోజు 111.1 మిల్లీమీటర్ల వాన పడింది. జూన్‌లో ఒకరోజు వాన లెక్కల్లో 133 ఏళ్ల రికార్డు చెరిగిపోయింది. అయిదు వారాల తేడాలో ఒకే ఊరు మాజ్రీ అయింది, చిరపుంజీ అయింది.

అత్తమ్మకి ఈ అంకెలు చెప్తే వినిందిగానీ బొంత మీద చెయ్యి తియ్యలేదు. తీయించింది మామ.

"బాయిల దిగినోనికి ఈ ముచ్చట కొత్తనా? ఇన్‌టేక్‌ల నడుస్తుంటే సలి. పని కాడికి పోతే ఉక్క. రిటర్న్‌లకెళ్లి వస్తే అంగీ పిండుకునుడే. ఒక్క షిఫ్ట్‌ల మూడు కాలాలు. మేం బొంతలు కప్పుకొని దిగినమా?"

భూగర్భ గనిలో గాలి సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తాను. పైన ఒక పెద్ద ఫ్యాన్ లోపలి గాలిని బయటికి లాగుతూ ఉంటుంది. ఆ లాగుడికి ఇంకో దారి గుండా బయటి గాలి లోపలికి వస్తుంది. తాజా గాలి వచ్చే దారి ఇన్‌టేక్. జనవరి రాత్రి షిఫ్ట్‌కి దిగేవాడికి ఆ దారిలో ముక్కు గడ్డకడుతుంది. గాలి బొగ్గు తీసే చోటికి చేరి, రాతి వేడినీ యంత్రాల వేడినీ మనుషుల చెమటనీ తడినీ మోసుకుని వెనక్కి పోయే దారి రిటర్న్. అక్కడ ఏ నెలైనా ఒకటే ఉక్క. అందుకని పాత కార్మికులు బనీను, దాని మీద ఫుల్ చేతుల అంగీ, భుజం మీద తువ్వాలుతో దిగేవాళ్లు. ఉక్కపోస్తే అంగీ తీసి నడుముకి కట్టేవాళ్లు. పైకొచ్చేటప్పుడు తువ్వాలుతో ఒళ్లు తుడుచుకుని, అంగీ వేసుకుని, తువ్వాలు చెవుల చుట్టూ చుట్టేవాళ్లు. ముప్పై ఏళ్లకి పైగా ఇలా దిగి ఎక్కిన మనిషికి బెంగళూరు ఒక లెక్కా? కాలాలు మారే ఊరికి వెళ్లేటప్పుడు సలహా అడగాల్సింది ఆ ఊళ్లో ఉన్నవాళ్లని కాదు, రాత్రి షిఫ్ట్ చేసినవాళ్లని అని నాకు అప్పుడే అనిపించింది.

ఆ లెక్కనే పెట్టె సర్దాం. మందంగా ఉన్న బట్ట ఒకటి పెట్టుకుంటే దాన్ని వేసుకోవాలి లేదా మొయ్యాలి. పల్చటివి మూడైతే ఒకటి తీయొచ్చు, ఒకటి తగిలించుకోవచ్చు. వెచ్చదనం సగం బట్టల మధ్య చిక్కిన గాలిదే కాబట్టి, బనీను, చొక్కా, పల్చటి స్వెటర్ కలిస్తే ఒక్క లావు కోటు కన్నా తక్కువేం కాదు. పైన గాలినీ తుంపరనీ ఆపే విండ్‌చీటర్ ఒకటి ఉంటే బెంగళూరు జూలై గాలికి కూడా సరిపోతుంది. నాగపూర్‌లో టిబెటన్ల దగ్గర కొన్న లావు స్వెటర్‌ని మామ తిరిగి ఇనుపపెట్టెలో వేశాడు. బొంత బదులు వరోరా ఆనందవనంలో నేసిన చేనేత దుప్పటి పెట్టాను. రాత్రి కప్పుకోవచ్చు, సాయంత్రం రెండు మడతలేసి భుజాల చుట్టూ తిప్పుకుంటే శాలువా. బాబా ఆమ్టే పెట్టిన ఆ ఆశ్రమం మాకు పక్కనే కాబట్టి అక్కడి నేత బట్ట ఇక్కడ ప్రతి ఇంట్లో ఒకటైనా ఉంటుంది.

ఇక రంగులు. మాజ్రివాళ్ల పెట్టె తెరిస్తే ముదురు నీలం, బూడిద, మట్టిరంగు తప్ప ఇంకేం కనపడవు. కారణం బొగ్గు. ఓపెన్‌కాస్ట్ గని నుంచీ డంపర్లు తిరిగే రోడ్ల నుంచీ లేచే ధూళి పగలంతా వాలుతూనే ఉంటుంది. తాడు మీద ఆరిన చీరని తీసేముందు దులపాలి. దులిపాక చూస్తే క్లిప్ పట్టిన చోట మాత్రం గోరంత వెడల్పున అసలు రంగు మిగిలి, దాని చుట్టూ సన్నటి నల్ల గీత ఉంటుంది. తెల్లబట్ట కొనడం ఇక్కడ డబ్బున్నవాళ్లు కూడా చెయ్యరు. అత్తమ్మ దగ్గర పెళ్లిలో పెట్టిన గంధం రంగు వెంకటగిరి చీర ఒకటి కాలం నుంచీ మడత విప్పకుండా ఉంది. దాన్ని పెట్టించాను. బెంగళూరులో ట్రాఫిక్ పొగ ఉంటే ఉండొచ్చుగానీ బొగ్గు ఉండదు.

ఆరబెట్టడం దగ్గర మాత్రం మా ఊరిదే పైచెయ్యి. మేలో ఇక్కడ నూలు చీర పిండి వేసి చాయ్ తాగి వస్తే ఆరిపోతుంది. అందుకని మేం నాలుగు జతలతో నెల గడిపేస్తాం. బెంగళూరు అపార్ట్‌మెంట్ బాల్కనీలో వానపట్టిన రోజుల్లో అదే చీర రెండ్రోజులైనా చెమ్మ వదలదు, ముక్కవాసన కూడా పడుతుంది. విదర్భ పత్తి పండించే గడ్డ కాబట్టి నూలుని తక్కువ చెయ్యడానికి నాకు నోరు రాదుగానీ, నూలు నీళ్లని పట్టుకుంటుంది, సింథటిక్ వదిలేస్తుంది. వాన ఊరికి వెళ్లేటప్పుడు ఒంటికి తగిలేది నూలు, పైన వేసేది పాలిస్టర్ కలిసింది అయితే మేలు. జీన్స్ ప్యాంటు అస్సలొద్దు. అది తడిస్తే బరువు రెండింతలు, ఆరడానికి టైమ్ మూడింతలు.

చెప్పుల సంగతి చాలామంది మరిచిపోతారు. 2022 సెప్టెంబర్‌లో బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మునిగి, ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకి వెళ్లిన బొమ్మలు మనమంతా టీవీలో చూశాం. తోలు చెప్పులతో ఆ నీళ్లలో దిగినవాళ్ల గతి చెప్పక్కర్లేదు. వెనక పట్టీ ఉన్న ప్లాస్టిక్ చెప్పులు పెట్టుకోవాలి, అవి అందంగా లేవని మొహమాటపడొద్దు.

దారిలో రైలు ఇంకో వాతావరణం. బల్లార్షాలో సంఘమిత్ర ఎక్కేటప్పుడు ప్లాట్‌ఫామ్ మీద వడగాలి కొడుతుంటుంది. ఏసీ పెట్టెలోకి అడుగుపెట్టిన పది నిమిషాలకి చెమట ఆరి వణుకు మొదలు. వరంగల్, విజయవాడ దాటేదాకా పెద్దవాళ్లు దగ్గుతూనే ఉంటారు. రైల్వేవాళ్లు కంబళి ఇస్తారు నిజమే, కానీ చెవులకి చుట్టుకోవడానికి ఏదీ ఇవ్వరు. అత్తమ్మ మఫ్లర్ ఒక్కటి మాత్రం నేను ఒప్పుకున్నది ఈ ఏసీ కోసమే.

బయల్దేరే ముందురోజు మరిది వారం రోజుల వాతావరణం ఫోన్‌కి పంపాడు. ఏడు రోజులకీ ఏడు మబ్బు బొమ్మలు, ఒక్కోదాని కింద చిన్న మెరుపు. బెంగళూరుకి అది చూసి పెట్టె సర్దడం దండగ. మన వాతావరణ శాఖే ఉరుముల వానల గురించి నౌకాస్ట్ అని రాబోయే మూడు గంటలకి చెప్తుంది. ఆ ఊరికి ముందుచూపు అంతే సాధ్యం. ఇంట్లోంచి అడుగు బయటపెట్టేముందు అది చూసుకోవాలి, పెట్టె సర్దేటప్పుడు కాదు.

ఏదైనా మరిచిపోతే అక్కడ కొనుక్కోవచ్చు కూడా. చిక్‌పేటలో దొరకని బట్ట లేదు. బెంగళూరులో ఉన్ని మిల్లు పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే పెట్టారు, చలి 7.8కి దిగిన ఆ రోజుల్లోనే. మనం మాజ్రి నుంచి రగ్గులు మోసుకెళ్లాల్సిన అవసరం అప్పుడే తీరిపోయింది.

బెంగళూరు వెళ్లే పెద్దవాళ్లకీ, వాళ్లని పంపే కోడళ్లకీ ఒక్క మాట. పెట్టె ఎలాగైనా సర్దుకోండి, పల్చటి స్వెటరూ మడత గొడుగూ మాత్రం అందులో పెట్టకండి, చేతిసంచిలో వెయ్యండి. సాయంత్రం నాలుగింటికి వాన వచ్చేసరికి మీరు లాల్‌బాగ్‌లో ఉంటారు, పెట్టె ఇంట్లో మంచం కింద ఉంటుంది.